టీవీ వెలిగింది, చుక్కలే కనిపించాయి

తొంభైల్లో ఖరగ్‌పూర్‌లో రైలుపెట్టెల లైట్లు బాగుచేసే ఉద్యోగం నాది. మ్యాచ్ మొదలైతే చాలు, కరెంటు పోయేది. విసిగిపోయి, సెలవులన్నీ తగలేసి, లారీ బ్యాటరీతో వంటింట్లోనే ఇన్వర్టర్ తయారుచేశాను.

ఫైనల్ రోజున, మా పేట సుభాష్‌పల్లిలో, మా వీధంతా మా ఇంట్లోనే ఉంది. ఆఖరి ఓవర్లలో కరెంటు పోయింది. స్విచ్ వేయగానే టీవీ వెలిగింది. అందరూ చప్పట్లు! తెర నిండా మాత్రం చుక్కలే. చెమటలు కక్కుతూ వైర్లన్నీ మళ్లీ బిగించాను.

"దాదా, కేబులోడి ఆఫీసులోనూ కరెంటు నేదు కదేటి!" అన్నాడు, అక్కడి బెంగాలీల్లా అన్నని 'దాదా' అనే పక్కింటాయన.

రైలుపెట్టెకి బ్యాటరీ దాని కిందే ఉంటుంది, బయటి తీగతో పనే లేదు. ఇల్లూ అంతే అనుకున్నాను!

జనం లేచి వెళ్లిపోయారు. "ఏటండీ, ఈ సుక్కలు సూడ్డానికేనా నా వంటిల్లంతా పాడుసేసినారు?" అంది మా ఆవిడ.

ఆ మ్యాచ్ ఎవరు గెలిచారో నేనెవరినీ అడగలేదు. ఇప్పటికీ అడగను.