జావా నుంచి వచ్చిన చుట్టం

సారు పోయారని సోమవారం పొద్దున పెద్దపల్లి నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నేను కరీంనగర్ ఆఫీసులో అప్పుడే కంప్యూటర్ తెరిచాను. ఏడుపొచ్చింది. "పని ముందట వెట్టుకొని గీ ఏడుపేంది బిడ్డా" అనేవారు కదా అని గుర్తొచ్చి, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

పాలిటెక్నిక్‌లో మాకు జావా అనే కంప్యూటర్ భాష నేర్పింది ఆయనే. రిటైరయ్యాక రైస్ మిల్లుల్లో వడ్లు తూచే ధర్మకాంటాలకు ప్రోగ్రాం రాశారు, అదీ జావాలోనే. దానికోసం చీటీలు ముద్రించే లైబ్రరీని, అంటే వేరే ప్రోగ్రాంలు పిలిచి వాడుకునే కోడ్‌ను, నేను కోట్లిన్ అనే కొత్త భాషలో రాసి, మురిసిపోతూ తీసుకెళ్లాను. సారు తన ప్రోగ్రాం నుంచి దాన్ని పిలిచి చూశారు.

"ఒక్క చీటీకి ఏడు వివరాలు అడుగుతున్నది. నువ్వు రెండే అంటివి?"

"కోట్లిన్ నుంచి పిలిస్తే రెండు చాలు సార్. మిగతావి అదే నింపుకుంటది."

"మరి నేను పరాయోన్నా? గీ నడుమ కంపానియన్ ఎవరు? నిన్ను పిలుస్తే ఆయన అడ్డం నిలవడ్డడు."

కోట్లిన్‌లో కొన్ని ఫంక్షన్లు కంపానియన్ అనే గూటిలో ఉంటాయి, జావా ఆ పేరు చెప్పుకునే వాటిని పిలవాలి. నాకు రోషమొచ్చింది. "మీరే కోట్లిన్ నేర్చుకోవచ్చు కదా సార్!" అనేశాను. ఆయన చాయ్ సాసర్‌లో పోసుకుని నిమ్మళంగా అన్నారు: "ఇంటికొచ్చిన సుట్టానికి నీ అర్రలన్నీ తెల్వాల్నా? నీళ్లిచ్చి కూసోవెట్టు."

రెండు ఫంక్షన్ల మీద, జావాకూ సులువుగా అందాలని చెప్పే చిన్న గుర్తులు పెడితే సరిపోయింది. జావాకూ రెండు వివరాలే చాలాయి, కంపానియన్ పక్కకు తప్పుకున్నాడు. అప్పుడు సారు 'సుట్టం' అని ఒక చిన్న జావా ఫైలు రాసిచ్చారు. అది నా లైబ్రరీని అన్ని విధాలా పిలిచి చూస్తుంది, ఏ అడ్డూ లేకపోతే చివర ఒక మాట చెప్పి వెళ్తుంది. "సుట్టం చాయ్ తాగినంకనే కొత్తది మిల్లుకు పంపాలె" అన్నారు.

ఒకసారి ఒక ఫంక్షన్‌ను మార్చి, గుర్తు పెట్టడం మరిచి, తొందరలో ఆ ఫైలు నడపకుండానే పంపాను. కోతల కాలం, కాంటా ఆగిపోయి ట్రాక్టర్లు బారులు తీరాయి. సారు కాంటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చీటీలన్నీ చేత్తో రాసిచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మళ్లీ కోతలొచ్చాయి. ఈసారి చేత్తో రాయడానికి ఆయన లేరు. చీటీలో వడ్ల తేమ చేర్చాలని పాత ఫంక్షన్‌ను తిరగరాశాను. పంపేముందు సుట్టాన్ని పిలిచాను. గడప దగ్గరే ఆగిపోయాడు. నేను గుర్తు పెట్టడం మళ్లీ మరిచానన్నమాట! సారు ఉంటే ఎంత నవ్వేవారో. సరిచేసి మళ్లీ నడిపాను.

తెర మీద చివరి వరస వచ్చింది: "చాయ్ తాగిన బిడ్డా. పోయొస్త."