టీవీలో వినపడని మామగారి తిట్లు

కిందటి నెల ఒక శనివారం మధ్యాహ్నం, మాకు రెండు వీధుల అవతల ఎత్తైన అపార్టుమెంట్లలో ఉండే తెలుగమ్మాయి ఒకతె జాకెట్టు చేతులు వదులు చేయించుకోవడానికి మా దుకాణానికి వచ్చింది. జెర్సీ సిటీలో నేనూ మా ఆవిడా కలిసి బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, చిన్నా చితకా కుట్టుపనులు చేసి ఇచ్చే దుకాణం ఒకటి నడుపుతున్నాం. మా ఆవిడది కొరియా. నాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు. ఆ అమ్మాయి కొరియా సీరియళ్ళు తెగ చూస్తుంది కాబట్టి మా ఆవిడ కనపడగానే నడుం వంచి ఆ భాషలో దణ్ణం పెడుతుంది, మా ఆవిడేమో "బాగున్నావా అమ్మా" అని తెలుగులో అడుగుతుంది. ఆ రోజు మాత్రం దణ్ణం మరిచిపోయి, గోడమీద మా పాత ఫోటో వంకా తన చేతిలో ఫోను వంకా మార్చి మార్చి చూసింది.

"అంకుల్, ఇది మీరేనా? రెడ్ స్వెటర్ సేమ్ కదా! సీరియల్స్ గ్రూప్‌లో ఎవరో షేర్ చేశారు. నేను ఫుల్ షాక్!"

నేనే. ముప్పై ఏళ్ళ కిందటి నేను. వీడియో నిమిషంన్నర ఉంటుంది. మంచు పడుతుంటుంది, చేతినిండా ఎండుచేపలు పట్టుకుని బిక్కమొహం వేసుకున్న నా మీద ఒక ముసలాయన చేతులు ఊపుతూ అరుస్తుంటాడు, గేటు దగ్గర ఒక ఆడమనిషి వీపున బిడ్డను కట్టుకుని నేలమీద కూలబడి ఉంటుంది, వెనకనుంచి ఆమె భుజాలు కదిలిపోవడం కనిపిస్తుంది. పైన ఏడుపు సంగీతం. ముసలాయన మా మామగారు, కూలబడింది మా ఆవిడ. కింద జనం ఏమేమో రాశారు. "కామెంట్స్ చదవకండి అంకుల్, ప్లీజ్" అంది కానీ, నాకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి నేనే బతిమాలి చదివించుకున్నాను. పాపం ఆ పిల్ల అని కొందరు, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితాల కోసం పెళ్ళి చేసుకుని ఉంటాడని కొందరు, ఆ ముసలాయన మనిషా రాయా అని మరి కొందరు.

మా ఆవిడకు ఇవేమీ పట్టలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత వాళ్ళ నాన్న కదులుతూ కనిపించాడన్న సంబరంలో ఆ వీడియోను వెంటనే టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయికి పంపేసింది. సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, తాతయ్య నిన్ను అంత హేట్ చేశాడా? మమ్మల్ని గెంటేశాడా? ఎందుకు చెప్పలేదు నాకు?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ వీపున ఉన్న బిడ్డ అదే. దానికి మూడేళ్ళప్పుడు మేము ఇక్కడికి వచ్చేశాం, తాత మొహం దానికి గుర్తు లేదు. ఫోనులో చెబితే తేలే సంగతి కాదు అది. అందుకని మన తెలుగు సంఘం వేసే సావనీరు పుస్తకంలో ఎవరైనా రాయవచ్చు అన్నారు కదా అని, అయిదో తరగతి దాటనివాణ్ణి, ఉత్తరం తప్ప ఇంకేమీ రాయనివాణ్ణి, ఇది మొదలుపెట్టాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోవాలి.

నేను కొరియా ఎలా చేరానన్నది పెద్ద కథ, ఓడమీద వంటపనికి వెళ్ళి ఒడ్డున చేతి తొడుగులు తయారుచేసే ఫ్యాక్టరీలో తేలాను, అంతే అనుకోండి. నేను తోలు కోసే మిషను దగ్గర, మా ఆవిడ కుట్టే మిషను దగ్గర. మాటలు లేవు మా మధ్య, నాకు ఆ భాష రాదు, ఆమెకు మన భాష రాదు. ఒక ఆదివారం మా గది బయట బొగ్గుల మీద ఎండుచేప కాలుస్తుంటే, ఆ వాసనకు తోటివాళ్ళంతా ముక్కు మూసుకుని పారిపోయారు, ఆమె మాత్రం రోడ్డు అవతల నుంచి వాసన పట్టుకుని వచ్చి, నా ఎదురుగా గొంతుక్కూచుని చెయ్యి చాచింది. ముక్క తిని, నా వంక చూసి, ఉప్పెక్కువైందని సైగ చేసింది. పెళ్ళాం వంట మెచ్చుకోని మొగుళ్ళ గురించి విన్నాం గానీ మా ఇంట్లో అది ఆ రోజే తిరగబడింది.

ఆ రోజుల్లో పేపర్లూ టీవీలూ మాలాంటి వాళ్ళ గురించి ఒకటే పాట. పరదేశి కూలీలు కాగితాల కోసం మా ఆడపిల్లలను బుట్టలో వేసుకుంటున్నారు, కాగితం చేతికి రాగానే పారిపోతున్నారు, అని. రాసినవన్నీ అబద్ధాలు అనను, మా ఫ్యాక్టరీలోనే ఒకడు పెళ్ళాన్ని వదిలేసి పారిపోయాడు, ఆ పిల్ల ఏడుపు నేను చూశాను. కానీ అసలు సంగతి ఏమిటంటే అప్పట్లో అక్కడ పరదేశి మొగుళ్ళకు కాగితాలు ఇచ్చేవాళ్ళే కాదు, మా ఆవిడను పెళ్ళి చేసుకుంటే నాకు ఒరిగిన కాగితమేమీ లేదు, ఆమెను చేసుకున్నాక కూడా ఆ దేశంలో నేను చేసే పని దొంగపనే, ఎవరైనా తనిఖీకి వస్తే తోలు కట్టల వెనక దాక్కోవడమే. బస్సులో మేము పక్కపక్కన కూచుంటే జనం ఆమెనే చూసేవాళ్ళు, నన్ను కాదు. ఆమె కూడా వాళ్ళనే చూసేది, వాళ్ళు దిగేదాకా రెప్ప వేయకుండా. అది ఆమె ధైర్యం.

ఒక్క వాళ్ళ నాన్న దగ్గరే ఆ ధైర్యం చాలలేదు. ఆయన పేపరు చదివే మనిషి, అందులో మాలాంటి వాళ్ళ గురించి రాసిందల్లా నమ్మారు. తల్లి లేని పిల్ల, తానే పెంచారు. పెళ్ళి సంగతి ఉత్తరం రాస్తే జవాబు లేదు, బిడ్డ పుట్టిందని రాసినా జవాబు లేదు. మా ఆవిడ బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు "తాతకు నీ కాళ్ళు ఒక్కసారి చూపించాలి, అచ్చం ఆయన కాళ్ళే" అని దానితో చెప్పుకునేది. ఒక్కసారి ఆయన ఒళ్ళో దాన్ని పెట్టాలని, అంతే ఆమె కోరిక.

అదిగో అప్పుడే టీవీవాళ్ళు వచ్చారు. పరదేశి మొగుళ్ళున్న కాపురాల మీద ఏదో కార్యక్రమం. మీ నాన్నగారి దగ్గరికి మేమే వ్యానులో తీసుకెళతాం, కెమెరా ముందు ఏ తండ్రీ కాదనడు అన్నారు. మా ఆవిడ నమ్మింది.

మామగారిది కొండల్లో ఊరు. చలికాలమంతా చేపలు ఎండబెట్టడం ఆ ఊరి పని. కర్రలతో పందిళ్ళలా కట్టి, చేపలను రెండేసి జంటగా తాడుకు కట్టి ఆ కర్రల మీద వేలాడదీస్తారు. వ్యాను దిగగానే ఆ వాసన తగిలి నాకు మా ఊరు గుర్తొచ్చింది. మామగారు తలుపు తీయలేదు. టీవీ అమ్మాయి గేటు ముందు నన్ను మోకాళ్ళ మీద కూచోమంది, కూచున్నాను. కళ్ళు తుడుచుకోమంది, తుడుచుకున్నాను. ఒక గంట అయింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి, తలుపు కదల్లేదు. బిడ్డకు పాలు పట్టడానికి మా ఆవిడ వ్యానులోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు మంచు పడడం మొదలైంది.

ఇప్పుడు మీరు చెప్పండి, సముద్రం ఒడ్డున పుట్టినవాడు ఆరబెట్టిన చేపల మీద పైనుంచి తడి పడుతుంటే చూస్తూ కూచుంటాడా? మా ఊళ్ళో నాలుగు చినుకులు పడితే చాలు, చేప ఎవరిదని అడగరు, ఇసుకలో పరిచిన చేపలను పసిపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా పరిగెత్తి పాకలోకి ఎత్తేస్తారు, కొట్లాడుకుని మాటలు మానేసిన వాళ్ళు కూడా ఒకరి చేపలు ఒకరు ఎత్తుతారు. నాకు టీవీ గుర్తు లేదు, మామగారి కోపం గుర్తు లేదు. "ఓలమ్మో, చేపలు!" అని తెలుగులోనే ఒక కేక పెట్టి లేచి, గేటు దూకి, కర్రల మీద చేపలు దించడం మొదలుపెట్టాను. కట్టెల్లా బిగుసుకున్న చేపలు ఒకదానికొకటి తగిలి టకటకమంటుంటే, రెండు చేతులా కావిలించుకుని పాకలో పడేసి మళ్ళీ పరిగెత్తడం. నాలుగు విడతలో అయిదు విడతలో మోశాను. కెమెరా అతను నా వెనకే పరిగెత్తాడు.

అప్పుడు తెరుచుకుంది తలుపు. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా మేజోళ్ళతోనే మామగారు మంచులోకి దూసుకొచ్చారు.

"ఒరే వెర్రి వెధవా! ఎవడ్రా దించమన్నాడు? మంచు పడాలనే కదరా వేలాడదీసింది! రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి, అప్పుడే చేప మెత్తబడేది! పెట్టు, ఎక్కడివక్కడ పెట్టు!"

నాకు సగమే అర్థమైంది, చేపలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ అరుపులకు మా ఆవిడ బిడ్డను వీపున కట్టుకుని పరిగెత్తుకొచ్చింది, పాకలో కుప్ప చూసింది, నా మొహం చూసింది, వాళ్ళ నాన్న మేజోళ్ళు చూసింది, ఇక నిలబడలేక గేటు పట్టుకుని మంచులో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వింది. టీవీవాళ్ళు అది వెనకనుంచి తీశారు.

వాళ్ళకు కావలసింది దొరికింది, మంచుకు దారి మూసుకుపోతుందని వ్యాను ఎక్కి వెళ్ళిపోయారు. మామగారు నా చేతికి ఒక కర్ర అందించి "పట్టుకో" అన్నారు. చీకటి పడేదాకా ఆయన కట్టి ఇస్తుంటే నేను వేలాడదీశాను. తలకాయలన్నీ ఒకే వైపు ఉండాలి, తప్పితే చేతిమీద ఒకటి వేసేవారు. పని అయ్యాక ఆయన లోపలికి వెళ్ళారు, తలుపు మాత్రం వేయలేదు. మా ఆవిడ బిడ్డను తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ఒక ఎండుచేప పీలిక చీల్చి దాని నోటికి అందించి, దాని కాలివేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు పట్టుకుని చూశారు. అప్పుడు మా ఆవిడతో అన్నారు, "పారిపోయేవాడైతే నా చేపల కోసం ఎందుకు పరిగెత్తుతాడే?"

అంతలో పక్క పందిళ్ళ ముసలాళ్ళు ఇద్దరు వచ్చి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, నా మఫ్లరుతోనే కాళ్ళు రెండూ కట్టేసి, ఎండుచేపతో అరికాళ్ళ మీద టపాటపా కొట్టడం మొదలుపెట్టారు. చేపలు పాడుచేసినందుకు శిక్ష కాబోలని "తప్పయిపోయింది మామయ్యా!" అని అరిచాను. వాళ్ళు నవ్వి ఇంకా కొట్టారు. తర్వాత మా ఆవిడ చెప్పింది, అక్కడ కొత్త పెళ్ళికొడుకును అలా కొట్టాలట, మా పెళ్ళికి కొట్టేవాళ్ళు లేక బాకీ ఉండిపోయిందట. మన వైపు మామగారు అల్లుడి కాళ్ళు కడుగుతారు. మా మామగారు చేపతో కొట్టించారు. నాకైతే రెండూ ఒకటే.

కార్యక్రమం వచ్చిన మర్నాడు ఫ్యాక్టరీలో అందరూ నా వంక జాలిగా చూశారు, ఎవరో ఒకామె బియ్యం కూడా తెచ్చిచ్చింది. మామగారు మాత్రం ఫోన్ చేసి మండిపడ్డారు. గెంటేసినట్టు చూపించినందుకు కాదు. "నా పందిరి కర్ర వంకరగా ఉన్నప్పుడు తీశారు, ఊళ్ళో పరువు పోయింది. పైగా అంత అరిచానా, ఒక్క మాట వినపడనివ్వలేదు, నన్ను మూగవాణ్ణి చేశారు" అని.

ఆ తర్వాత రెండు చలికాలాలు ఆయన దగ్గర పనిచేశాను. మా పిల్లకు బడి ఈడు వస్తుంటే నల్లపిల్ల అని తోటిపిల్లలు ఆటలో చేర్చుకునేవాళ్ళు కాదు, అది చూసి మామగారే అమెరికాలో ఉన్న పెద్ద కూతురికి, అంటే మా వదినగారికి, వీళ్ళను పిలిపించుకోమని చెప్పి పంపించారు. ఆయన పోయినప్పుడు మా కాగితాలు ఇక్కడ మధ్యలో ఉన్నాయి, దేశం దాటితే తిరిగి రానివ్వరు అన్నారు. మా ఆవిడ వెళ్ళలేకపోయింది. ఆ వారమంతా ఆమె మిషను ఆపకుండా కుడుతూనే ఉంది.

ఇప్పుడు అక్కడి సముద్రంలో ఆ చేపే దొరకడం లేదట, ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఎండబెడుతున్నారట, మంచు కూడా అప్పటిలా పడడం లేదట. ఇక్కడేమో, ఒకప్పుడు నన్ను చేసుకుందని ఎవరూ పలకరించని మా ఆవిడకు, మన తెలుగు పిల్లలు సీరియళ్ళు చూసి నేర్చుకున్న మాటలతో వంగి వంగి దణ్ణాలు పెడుతున్నారు. సంతోషమే. కానీ ఆ సీరియళ్ళలోనూ మంచు పడితే ఎవరో ఒకరు ఏడవాల్సిందే, చేపలకోసం పరిగెత్తేవాడు మాత్రం నాకు ఎక్కడా కనపడడు.

కిందటి ఆదివారం అమ్మాయి ఫ్రిస్కో నుంచి వీడియో కాల్ చేసింది. నేను ఈ కాగితాలు చదివి వినిపించబోతే మా ఆవిడ ఆపింది. తన ఫోనులో ఆ పాత వీడియో పెట్టి, సంగీతం శబ్దం పూర్తిగా తీసేసి, అమ్మాయికి కనపడేలా పట్టుకుంది. మంచులో మామగారి నోరు కదులుతోంది. మా మామగారి గొంతు ఈ లోకంలో ఎక్కడా మిగల్లేదు, ఉన్న ఒక్క చోట టీవీవాళ్ళు చెరిపేశారు. ఆ కదిలే నోటికి సరిగ్గా అందేలా, ఒక్క మాట ముందూ వెనకా కాకుండా, గొంతు లావు చేసి మా ఆవిడ తెలుగులో తిట్టింది.

"ఒరే వెర్రి వెధవా! ఎవడ్రా దించమన్నాడు?"

అటు ఫ్రిస్కోలో అమ్మాయి భుజాలు కదలడం కనిపించింది. ఈసారి మాకు మొహం కూడా కనిపించింది, నవ్వుతోంది.