మస్తాన్ బాబాయ్ చూపు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా కోపం గురించి నన్నెరిగినవాళ్లందరికీ తెలుసు. ఈ అబద్ధం గురించి ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. పరిశోధన కోసం నూజెండ్ల దగ్గర కౌలు చేలో జొన్న వేశాం. రెండు పొడవాటి సాళ్లు. ఒకే రకం విత్తనం, ఒకే డీఎన్ఏ. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే రసాయన గుర్తులు ఆ డీఎన్ఏ మీద ఉంటాయి. ఒక సాలు విత్తనాల్లో వాటిని మందుతో చెరిపేశాం. తెగులు సోకినప్పుడు మొక్క తయారుచేసుకునే హార్మోన్‌ను రెండు సాళ్ల మీదా చల్లితే, చెరిపిన సాలులోనే ఆకుల కణాలు చచ్చి మచ్చలు పడతాయని మా అంచనా. చూడ్డానికి రెండూ ఒకటే. తేడా తెలిసేది సాలు మొదట్లో పుల్లకు కట్టిన రిబ్బన్‌తోనే. చెరిపినదానికి ఎరుపు, రెండోదానికి నీలం.

విత్తనం నాటిందీ, నీళ్లు పెట్టిందీ మస్తాన్ బాబాయ్. యాభై దాటిన మనిషి. ఆ చేలో పనే ఆయనకు కూలి.

హార్మోన్ చల్లే ముందు రోజు గాలివానకు రిబ్బన్లు ఎగిరిపోయాయి. నా ఫోన్లో చేను ముందు నిలబడి తీసుకున్న సెల్ఫీ ఉంది. వెనకాల రెండు రిబ్బన్లూ కనపడుతున్నాయి. అది చూస్తూ కొత్తవి కట్టడం మొదలుపెట్టాను.

"అబ్బాయ్, ఎర్రది ఇటు కాదు, అటు సాలుకి" అన్నాడు బాబాయ్.

"ఫోటో ఉంది బాబాయ్, చూడు."

"ఏందీ, జొన్నలు నాటింది నీ ఫోనా? నేను గదా!"

పక్క చేలో ఆడవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "తెలీకపోతే నోరు మూసుకో!" అని అరిచాను.

"సరేలే. చదువుకున్నోడివి. కట్టుకో" అన్నాడు.

పది రోజులకు మచ్చలు నీలం సాలులో పడ్డాయి. అంతా తలకిందులు. తప్పెక్కడ జరిగిందో కనుక్కోమన్నారు మా గైడ్ సార్. సెల్ఫీని పెద్దది చేసి చూశాను. నా టీషర్టు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ముందు కెమెరా అద్దంలాగా కుడిని ఎడమ చేసింది.

అప్పుడే చెప్పొచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది. దేనికి భయపడ్డాను? సార్ తిడతారు, ఇంకో పంట వేయాలి, అంతేగా? కాదు. నేను నోరు మూసుకోమన్న మనిషి ముందు నాదే తప్పని తేలడం, ఆ ఆడవాళ్లు మళ్లీ నవ్వడం, అది తట్టుకోలేకపోయాను. ఇంత చిన్న కారణమని నాకు నేను ఒప్పుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.

"నాటేటప్పుడే మస్తాన్ బాబాయ్ విత్తనాల ప్యాకెట్లు తారుమారు చేశాడు సార్. ఆయనకి చూపు ఆనట్లేదు" అని చెప్పాను.

సార్ నా ముందే ఆయన్ను మాన్పించారు. బాబాయ్ గొడవ పెట్టుకుంటాడనుకున్నాను. పెట్టుకోలేదు. తన రెండు చేతులూ కాసేపు చూసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ పంట వేశాం. మచ్చలు రావాల్సిన చోటే వచ్చాయి. నా థీసిస్ అయిపోయింది.

పోయిన నెల నరసరావుపేటలో కనపడ్డాడు. కొడుకు పంక్చర్ షాపు ముందు స్టూలు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. బండి నడపడం మానేశాడట. నాట్లకు ఎవరు పిలిచినా వెళ్లడట. కళ్ల డాక్టరు ఏ లోపమూ లేదన్నా నమ్మడంలేదని కొడుకు విసుక్కున్నాడు.

బాబాయ్ నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "నా కళ్లు జేసిన పనికి నీ సంవత్సరం పాడైంది అబ్బాయ్. ఏమనుకోమాక" అన్నాడు.

నేను ఫోన్ చూసుకుంటూ బస్సెక్కాను.

డీఎన్ఏ లోపలి అక్షరం ఒక్కటీ మారకుండా, పైనున్న గుర్తు మారితే చాలు, బతకాల్సిన కణం చచ్చిపోతుందని థీసిస్‌లో రాశాను. బాబాయ్ కళ్లలో ఏమీ మారలేదు. పైన నా మాట పడింది. ఆ సంగతి ఆయనకు చెప్తానా? ఇది రాస్తూ కూడా చెప్తానని మాటివ్వలేకపోతున్నాను.

ఒక్కటి మాత్రం ఇక్కడ రాస్తాను. ఆయన సరిగ్గానే నాటాడు. ఆయన కళ్లు బాగున్నాయి.