దుప్పి అప్పడూ, ఒక ఎండు గిట్టా

మలేసియాలోని గెరిక్ ఊరి దగ్గర పామాయిల్ తోటలో కాపురముంటున్న అప్పడికి డెబ్భై ఒకటో ఏడు. పళ్లు సగం ఊడినా పొగరు మాత్రం చెక్కుచెదరలేదు. పక్క అడవిలో వేటకు లైసెన్సులిచ్చే రోజుల్లో తోట కూలీల లైన్ ఇళ్లన్నీ ఆయన్ని దుప్పి అప్పడనే పిలిచేవి. అమ్మవారి పండక్కి దుప్పిని కొట్టి తెచ్చినవాడే మాంసం మొదటి ముక్క కోయాలని అక్కడి ఆచారం. ఇరవై ఏళ్లపాటు ఆ కత్తి అప్పడి చేతిలోనే ఉంది.

లైసెన్సుకు ఒక్క దుప్పి అని కాగితం మీద రాసి ఉండేది. అప్పడు కాగితాన్ని ఎంతో గౌరవించేవాడు. జాగ్రత్తగా మడతపెట్టి జేబులో దాచుకుని, మూడు కొట్టుకొచ్చేవాడు. పక్క తోటల వాళ్లూ ఇంతే పద్ధతిగా ఉండేవారు. చివరికి అడవిలో దుప్పి కనపడడమే గగనమైంది, సర్కారు దుప్పి లైసెన్సులే ఆపేసింది. మొక్కలు పాడుచేసే అడవిపందులకు మాత్రం ఇస్తూ వచ్చింది. అప్పడు పందులు కొట్టాడు, జనం పేరు మార్చేశారు. పంది అప్పడని పిలిస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. చచ్చేలోగా ఇంకొక్క దుప్పిని కొట్టి పాత పేరు తెచ్చుకోవాలన్నది ఆయన పంతం.

ఈ ఏడు అడవి శాఖ నుంచి విమలన్ అనే కుర్రాఫీసరు వస్తున్నాడని తెలిసింది. గిట్టల గుర్తులు లెక్కపెట్టి దుప్పులు పెరిగాయో లేదో పైకి రాస్తాడట. పెరిగాయని తేలితే లైసెన్సులు మళ్లీ ఇవ్వొచ్చు. అప్పడి బుర్ర పాదరసంలా పనిచేసింది. తన ఆఖరి దుప్పి ముందుకాలి గిట్ట ఒకటి ఎండిపోయి గోడకు వేలాడుతోంది. దాన్ని తీసి కర్రకు కట్టాడు.

"ఏటయ్యా, పొద్దున్నే ఆ గిట్టట్టుకుని ఎక్కడికెల్తన్నావు?" అంది పెళ్లాం పోలమ్మ.

"మందని మేపడానికే."

జంతువులు ఉప్పుమట్టి నాకడానికి వచ్చే బురదచెలమ చుట్టూ కర్రతో పొడుచుకుంటూ తిరిగాడు. గంటలో ముప్ఫై దుప్పులు పుట్టాయి. నడుం పట్టేసింది గానీ సంబరం ఆగలేదు.

మర్నాడు విమలన్ వచ్చాడు. దారి చూపించింది అప్పడే. విమలన్ బురద మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"తాతా, అన్నీ ఎడమ ముందుకాలే. మిగతా మూడు కాళ్లూ ఇంట్లో పెట్టి వచ్చినాయా లా?" అన్నాడు, ఆ దేశపు అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

"కొత్త జాతి నాయనా," అన్నాడు అప్పడు తడుముకోకుండా.

"గిట్ట కొస కూడా అన్నిటికీ ఒకేచోట విరిగింది తాతా."

అప్పడు ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటూ చూపు పక్కకు తిప్పాడు. పొద కింద, తన కర్ర తగలని చోట, నాలుగు కాళ్ల జాడలు. తాజావి. పక్కనే బొటనవేలి కొసంత చిన్నవి. తల్లీ, పిల్లా. ఎన్నేళ్లకు చూశాడు! నోరు తెరిస్తే చాలు, ఇవి లెక్కలోకి వస్తాయి, లైసెన్సు వచ్చే దారి తెరుచుకుంటుంది. కానీ ఆ కాగితం మడతపెట్టి జేబులో దాచుకుని వచ్చేదెవరో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. డెబ్భై ఒక్క ఏళ్లకు అప్పడికి సిగ్గేసింది.

రెండడుగులు వేసి ఆ జాడల మీద రబ్బరు బూట్లు ఈడ్చి నిలబడ్డాడు.

"ఇక్కడేటీ లేవు లా. అన్నీ నానే పొడిసినాను. రాసుకో."

విమలన్ పకపకా నవ్వి పుస్తకంలో సున్నా చుట్టాడు. "మరి మీ దుప్పి లైసెన్సు?"

"ఇంకో పదేళ్లు ఆపీయండి."

"అప్పటికి మీకు ఎనభై ఒకటి తాతా!"

"నా గురి తప్పదులే."

సాయంత్రం లైన్ ఇళ్ల ముందు నుంచి వస్తుంటే, గుమ్మంలో కూర్చున్న ముసలి రాసమ్మ కేకేసింది. "ఏటి పంది అప్పడూ, దుప్పులు దొరికినాయా?"

"ఆయ్!" అని మొదటిసారి ఆ పేరుకు పలికాడు అప్పడు. "దుప్పులెక్కడివి రాసమ్మా? అడివి నిండా పందులే!"