మండికల్ సంఘానికి నేను తెచ్చిన పెద్ద

ఒక్క ఆదివారం, మధ్యాహ్న భోజనాల వేళ కాకముందే, ఏడుగురి సంఘాన్ని వీధిన పడేయబోయి, ఒక పాస్టరుగారికి నోట మాట లేకుండా చేసి, నుదుట నిలువు నామం పెట్టుకున్న కిరాణా శెట్టిగారిని క్రైస్తవ సంఘానికి పెద్దగా గెలిపించిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదవండి. ఆ ఘనుణ్ణి నేనే.

డెబ్బైల చివర్లో మా ప్రెస్బిటేరియన్ సంఘాలవాళ్ళు నన్ను మండికల్‌కు ఉపదేశిగా పంపారు. సంఘం లేని ఊళ్ళో సంఘాన్ని నాటడం నా పని. రోజుకు నలభై మైళ్ళు సైకిలు తొక్కేవాణ్ణి. సరే, పదిహేను. ఎదురుగాలి ఉన్నరోజు నాలుగు. రెండేళ్ళు చెమటోడిస్తే ప్రార్థన కూటానికి క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళు ఏడుగురయ్యారు. వాళ్ళలో ముందుండేది రత్తమ్మ. రెండు ఎనుములు, రెండు నొప్పి మోకాళ్ళు ఆమె ఆస్తి.

కానీ నెలనెలా చిక్కబళ్ళాపురంలోని మా పెద్ద సంఘానికి నేను రాసే ఉత్తరాల్లో ఆ ఏడుగురూ నానబెట్టిన శనగల్లా ఉబ్బుతూ వచ్చారు. మొదట పదిహేను మంది, దసరాకు ముప్పై, క్రిస్మసుకు నలభై. అక్కడి నుంచి జవాబొచ్చింది: “అంతమంది ఉంటే ఇంకా ఆలస్యమెందుకు? ఈ ఆదివారం వస్తున్నాం. పెద్దను ఎన్నుకోండి. మీది సొంత సంఘమని ప్రకటిస్తాం.”

మా పద్ధతిలో సంఘపెద్దను పైనుంచి ఎవరూ దించరు. సంఘమే చేతులెత్తి ఎన్నుకోవాలి. పెద్ద ఉంటేనే ఊళ్ళో ప్రభువు బల్ల పెట్టి, ఆయన పేర రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. అంతవరకు ఆ రొట్టె కోసం రత్తమ్మ బస్సెక్కి చిక్కబళ్ళాపురం పోవాల్సిందే. పాలు పితికి బయల్దేరేసరికి బస్సు పోయేది. ఏడాదికొకసారి అందితే గొప్ప.

“ఇంక మా ఊర్లోనే బల్ల పెడ్తారంట కదప్పా?” అని అడిగింది.

“పెడ్తారమ్మా.”

“ఏడుగురం చాలుతామా?”

ఆ క్షణాన నిజం ఒప్పుకుని ఉంటే మీకు ఈ కథ లేదు, నాకు ఈ సిగ్గు లేదు. నేను నేరుగా శెట్టిగారి అంగడికి పోయాను.

“శెట్టప్పా, ఆదివారం కూటానికి ఒక ముప్పై మంది కావాల.”

“ఎందుకప్పా, పెండ్లా?”

“చిక్కబళ్ళాపురం నుంచి పెద్దోళ్ళు వస్తాండారు. గది బోసిగా ఉంటే నా మానం పోతాది.”

“అంతేనా. పొద్దున డెయిరీలో పాలు పోసినోళ్ళంతా నా అంగడి ముందరే ఉంటారు. తోలుకొస్తా. వాళ్ళేం చేయాల?”

“చేతులెత్తమన్నప్పుడు ఎత్తితే చాలు.”

“అది మావోళ్ళకు బాగా వచ్చు. ఓట్లకొచ్చినోళ్ళకు అందరికీ ఎత్తుతారు.”

ఆదివారం గదిలో రెండు వందల మంది. అంటే ముప్పై ఏడుగురు, వాళ్ళ పాల క్యాన్లు. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన పాస్టరుగారు నా వీపు తట్టారు. ప్రార్థనయ్యాక, “మీకు పెద్దగా ఎవరు కావాలో పేరు చెప్పండి” అన్నారు.

రత్తమ్మ లేచి తన తమ్ముడు దేవదాసప్ప పేరు చెప్పాలి, అందరూ చేతులెత్తాలి. ఇదీ నా పథకం. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచేలోపే వెనక వరుస లేచింది.

“శెట్టప్ప ఉండాడు కదా, ఇంకెవర్ని అడుగుతారు?”

“అవును. ఆయప్ప తూకంలో మోసం చేయడు.”

ముప్పై చేతులు చెరకు తోటలా లేచాయి. శెట్టిగారూ ఎత్తారు. ఎత్తమన్నప్పుడు ఎత్తాలని చెప్పింది నేనే కదా.

శెట్టిగారు ముందుకొచ్చారు. పాస్టరుగారు ఆయన నామం వైపు చూశారు, తర్వాత నా వైపు. నేను పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నాను.

“మీరు బాప్తిస్మం పుచ్చుకుని ఎన్నాళ్ళయిందండీ?”

“ఆ మాట ఉపదేశి చెప్పలేదు సామీ. మనోడి మానం కాపాడదామని వచ్చినాం. శనివారమైతే నాకు వెంకటరమణసామి గుడి పని ఉంటాది. ఆదివారం ఖాళీనే.”

పాస్టరుగారు నా వైపు తిరిగారు. “మీవాళ్ళు నిజంగా ఎంతమంది?”

“పదిహేను మందండీ.” ఆయన కళ్ళు ఆర్పలేదు. “పది.” ఇంకా ఆర్పలేదు. “ఏడుగురండీ.”

ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకోసాగారు. అప్పుడు రత్తమ్మ ముఖం చూశాను. ఇన్నేళ్ళయినా ఆ ముఖం గుర్తొస్తే నాకు హాస్యం రాదు.

“సామీ,” అంది, “అబద్ధం ఆయప్పది. మేము ఏడుగురం నిజమే కదా. వానొచ్చినా వస్తాండాము, ఎండలోనూ వస్తాండాము. మమ్మల్ని లెక్కబెట్టుకోండి.”

పాస్టరుగారు సంచి విప్పి, కాగితాలు మళ్ళీ తీశారు. శెట్టిగారి జనం అరుగు మీదికి పోయారు. ఏడుగురే చేతులెత్తి దేవదాసప్పను ఎన్నుకున్నారు.

“మావోళ్ళు కూడా ఎత్తాల్నా?” బయటినుంచి శెట్టిగారు.

“వద్దు శెట్టప్పా.”

“వచ్చే నెల నుంచి బల్ల ఇక్కడే” అన్నారు పాస్టరుగారు. రత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇక ఈ ఉపదేశి సంగతి. ఉంచాలా, పంపించేయాలా? మీరే చెప్పండమ్మా.”

రత్తమ్మ సంతలో ముసలి ఎనుమును చూసినట్టు నన్ను ఎగాదిగా చూసింది.

“ఉండనీండి సామీ. పాపి అంటే ఎట్లుంటాడో చూపించేదానికి మా సంఘంలో ఇంతవరకు ఒక్కరూ లేకపోయిరి.”

ఆ రోజే మోకరించి ప్రతిజ్ఞ చేశాను, ఇప్పుడు మీ ముందు మళ్ళీ చేస్తున్నాను. ఇకమీదట ఏ కూటానికైనా వచ్చి కూర్చున్నవాళ్ళనే లెక్కిస్తాను. దారిన పోయేవాళ్ళను చేర్చను. కిటికీలోంచి తొంగిచూసిన మేకను, అది ఎంత భక్తిగా చూసినా సరే, చేర్చనే చేర్చను.