నాకంటే ముందు వెళ్ళిన చొక్కా

దయ్యాల విషయంలో నా సంగతి మొదటే చెప్పేస్తాను. మా ఊరి చింతతోపులో దయ్యం ఉందని అందరూ భయపడేవాళ్ళు. అంతకంటే నిశ్చింతగా చింతకాయలు కోసుకునే చోటు ఇంకెక్కడుంటుందని నేను అక్కడికే పోయేవాణ్ణి. సరస్సు మీద కొరివిదయ్యాలు తిరుగుతున్నాయంటే, అవి రొయ్యల వేటకు పోయినవాళ్ళ లాంతర్లని చెప్పి పెద్దల చేత తిట్లు తిన్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం మారలేదు, ఒక్క చొక్కా విషయంలో తప్ప.

మాది దొరవారిసత్రానికి తూర్పున, పులికాట్ సరస్సు అంచున చిన్న ఊరు. మా నాయన రొయ్యలు కొని, ఎండబెట్టి, నెల్లూరు అంగళ్ళకు పంపుతాడు. నాకు డిగ్రీ అయిన ఏడాది, మద్రాసులో వ్యాపార నిర్వహణ నేర్పే బడి ఒకటి కొత్తగా పెట్టారని తెలిసి దరఖాస్తు పెట్టాను. శుక్రవారం పొద్దున ఇంటర్వ్యూకి రమ్మన్నారు.

"యాపారం నేర్చుకునేదానికి బడి ఏందిరా? నేను ఏ బడికి పోయినాను?" అన్నాడు నాయన.

"అందుకే గదా నాయనా, నెల్లూరోళ్ళు ఏటా నిన్ను ముంచేది" అన్నాను.

నాయన నవ్వలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సీటు వస్తే మద్రాసు. రాకపోతే మర్నాటి నుంచి రొయ్యలు ఆరేసిన చాపల పక్కన కూర్చుని కాకుల్ని తోలాలి. మళ్ళీ చదువు ఊసెత్తకూడదు. మా నాయన మాట అంటే మాటే. నేను ఎన్ని వేషాలు వేసినా, ఆ కాకుల్ని తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు వచ్చేది కాదు.

శుక్రవారం అక్కడ ఉండాలంటే గురువారం రైలెక్కాలి. అక్కడ అడ్డం పడింది మా అవ్వ.

"బేస్తవారం దక్షిణానికి శూలరా. పోగూడదు."

"శూల నాకా, రైలుకా అవ్వా? ఆ రైల్లో ఇంకా ఎంతమంది పోతారో!"

"వాళ్ళకు అవ్వల్లేరేమో" అంది.

శూలకు విరుగుడు కూడా ఆమె దగ్గరే ఉంది. దాని పేరు పరస్తానం. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి గడియ చూసి, మన వస్తువులు కొన్ని మనం పోయే దిక్కున వేరేవాళ్ళ ఇంట్లో పెట్టిస్తారు. దాంతో మనం ఆ గడియలోనే బయల్దేరినట్టు లెక్క. తరవాత దారిలో ఆ వస్తువులు తీసుకుని, వెనక్కి తిరక్కుండా పోవాలి.

బుధవారం పొద్దున అవ్వ ఒక సంచిలో నా ఇంటర్వ్యూ కోసం కుట్టించిన కొత్త తెల్లచొక్కా, టెంకాయ, పసుపు బియ్యం పెట్టింది. దాంతోపాటు నాయన గొడుగు. దాని పిడి పగిలితే నాయన వలతాడుతో అడ్డదిడ్డంగా చుట్టాడు. అలాంటి పిడి లోకంలో ఇంకొకటి ఉండదు, ఉండకూడదు కూడా. వాటిని ఊరికి దక్షిణం కొసన ఉన్న చెంగమ్మక్క ఇంట్లో పెట్టి వచ్చింది.

"నేను బయల్దేరిపోయినాను గదా, మరి మజ్జానం కూడు పెడతావా అవ్వా?" అని అడిగాను.

పెట్టింది. మామూలుకంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

గురువారం ఎడ్లబండిలో బయల్దేరాను. స్టేషను దాకా సాగనంపడానికి స్నేహితులు ఎక్కారు. అవ్వ శూల గురించి చెప్పిన తీరును నేను అనుకరిస్తుంటే వాళ్ళు బండి ఊగేలా నవ్వుతున్నారు. చెంగమ్మక్క తన గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. నా హాస్యం అంత దూరం వినపడిందని మురిసిపోయాను. బండి ఆమె ఇల్లు దాటిపోయింది.

సంచి గుర్తొచ్చేసరికి రైలు స్టేషన్లోకి వచ్చేస్తోంది. ఒంటి మీద ఉన్నది నలిగిన నీలంగళ్ళ చొక్కా. వెనక్కి పోతే రైలు పోతుంది. ఎక్కేశాను.

శూల తన పని మొదలుపెట్టింది. సూళ్ళూరుపేట దాటాక ముందెక్కడో గూడ్సు బండి పట్టాలు తప్పిందన్నారు. రైలు నిలబడిపోయింది. మూడో తరగతి పెట్టెలో బొగ్గు మసి మీద కూర్చుని ఆ రోజు గడిపాను, ఆ రాత్రీ గడిపాను. మద్రాసులో దిగేసరికి శుక్రవారం మధ్యాహ్నం దాటింది. రిక్షాలో పోతున్నంతసేపూ నా కళ్ళముందు కాకులే.

బడి ఒక పాత బంగళాలో ఉంది. వరండాలో బెంచీలు ఖాళీగా ఉన్నాయి. గది తలుపు దగ్గర మునుసామి అనే బంట్రోతు నిలబడి ఉన్నాడు. గూడ్సు బండి కథను కన్నీళ్ళు వచ్చేలా చెప్పడం మొదలుపెట్టాను. అతను మధ్యలోనే ఆపాడు.

"అదంతా ఎందుకు తంబీ? చొక్కా ఏల మార్చుకుంటివి? పొద్దున తెల్లచొక్కాలో లక్షణంగా ఉంటివే!"

"పొద్దున ఎవరు?"

"నువ్వే! అందరికంటే ముందు వచ్చి ఆ బెంచీ చివర కూర్చుంటివి. పేరు పిలిస్తే లేచి నిలబడి, అందర్నీ ముందు పోనిమ్మని చెయ్యి చూపిస్తివి. సరే, చివర్లో రమ్మన్నారు అయ్యగారు. ఇప్పుడే గదా లేచి అటు పోతివి. పొద్దంతా ఒక్క మాట లేదు, ఇప్పుడేమో వాగుతా ఉండావు!"

బెంచీ చివర ఒక గొడుగు తగిలించి ఉంది. పిడికి వలతాడు అడ్డదిడ్డంగా చుట్టి ఉంది. బెంచీ కింద సంచి. సంచిలో టెంకాయ, పసుపు బియ్యం, మడత పెట్టిన తెల్లచొక్కా.

లోపల గంట కొట్టారు. "పో, పో, నువ్వే మిగిలినావు" అన్నాడు మునుసామి. భయపడటానికైనా కాస్త తీరిక కావాలి గదా. తలుపు చాటున చొక్కా మార్చుకుని లోపలికి వెళ్ళాను.

లోపల కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన నన్ను చూసి, "ఇంతమందిని ముందు పంపావే, భయమా?" అన్నాడు. కాదండీ, మిగతావాళ్ళు ఏం అమ్ముతున్నారో చూసుకున్నాకే మా నాయన సరుకు దించుతాడు అన్నాను. నవ్వారు. ఇంట్లోనే వ్యాపారం ఉండగా బడి ఎందుకని అడిగితే కాకుల సంగతి దాచకుండా చెప్పాను. మళ్ళీ నవ్వారు. సీటు ఇచ్చారు.

నేను తేలిగ్గా నమ్మే మనిషిని కాను గనక, ఊరికి రాగానే విచారణ మొదలుపెట్టాను. ఎవరో ఆకతాయి సంచి తీసుకుని మద్రాసు పోయాడని నా అనుమానం. కానీ ఆ వారం మా ఊరి నుంచి నేను తప్ప ఎవరూ మద్రాసు పోలేదు. సరాసరి చెంగమ్మక్క దగ్గరికి పోయాను. ఆమె చేపలు తోముతోంది.

"నువ్వే గదా అబ్బయా తీసకపోయినావు. బుధవారం మజ్జానం, కూటి ఏళకు. వచ్చినావు, సంచీ గొడుగూ తీసుకున్నావు, పోయినావు. మజ్జిగ తాగుతావా అంటే పలకలా. నువ్వు నోరు మూసుకోనుండేది నేను ఏనాడు చూసినాను? జొరం తగిలిందేమో అనుకున్నా."

"మరి బేస్తవారం బండిలో పోతుంటే పిలవలేదే?"

"నిన్న పోయినోడు ఇయాళ మళ్ళా పోతా ఉండాడే అని చూస్తా నిలబడిపోయినా."

బుధవారం ఆ వేళకు నేను మా ఇంట్లో, అవ్వ ఎదుట, ఆ ఎక్కువ ముద్ద తింటూ ఉన్నాను. నాయన సాక్షి. ఇంకో మాట కూడా చెప్పాలి. బుధవారం రైళ్ళన్నీ టైముకే నడిచాయి.

అవ్వతో అంతా చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ విన్నది. "పరస్తానం పెట్టేది అందుకే గదరా" అంది. ఆమెకు కలిగిన సందేహం ఒక్కటే. "టెంకాయ ఏం చేసినావు?"

ఇప్పుడు ఆ బళ్ళోనే చదువుతున్నాను. ఏ చిక్కునైనా ముక్కలుగా విడగొట్టి కారణం వెతకమని మాకు నేర్పుతారు. దీన్నీ విడగొట్టి చూశాను. సంచిని వివరించగలను. గొడుగును, కష్టపడితే, వివరించగలను. మునుసామికి చత్వారం అనుకోగలను. మిగిలిపోయింది చొక్కా.

దర్జీ ఇచ్చిన దగ్గర్నుంచి దాన్ని నేను ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. ఆ రోజు తలుపు చాటున తొడుక్కున్నప్పుడు కాలరు లోపల, చంకల్లో చెమట తడి ఉంది. వెచ్చగా ఉంది. పొద్దున్నుంచీ నా బదులు గుండె చిక్కబట్టుకుని కూర్చున్నవాడెవడో అప్పుడే విప్పి ఇచ్చినట్టు.

అది ఎవరి చెమటో నాకు ఈనాటికీ తెలియదు. వరండాలో ఆ బెంచీ ఇప్పటికీ ఉంది. క్లాసుకు ముందు అందరం దాని మీదే కూర్చుంటాం. చివరి చోటు మాత్రం నేను వదిలేస్తాను. భయం కాదు. నాకోసం అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నవాడికి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి గదా.