చిన్న మూటకు మినిమం బాడుగ

ఇవాళ పొద్దున గోడౌను తలుపు తీయగానే గోనెసంచులూ డీజిలూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. వెంటనే అళగిరిరాజుగారు గుర్తొచ్చారు. రాజపాళయంలో నేను గుమాస్తాగా చేరిన లారీ ఆఫీసుకు ఆయన మేనేజరు. మాట పెళుసు. మొదట్లో ఆయనంటే నాకు భయమే గానీ ఇష్టం ఉండేది కాదు.

అరవైల మొదట్లో ఒకరోజు సత్రపట్టి నుంచి వీరమ్మ అనే నేతపని ఆమె వచ్చింది. భర్త పోయాక మగ్గం తనే నడుపుకుంటోంది. గాయాలకు కట్టే గుడ్డ నేసి మదురైకి పంపాలి. మూట చంకలో ఇమిడేంత. మా ఆఫీసులో మాత్రం మణుగుకు ఎంత తక్కువున్నా మణుగు బాడుగ కట్టాల్సిందే.

"అంత కడితే నాకేం మిగల్దు సామీ. మగ్గం నిలిపేయాల్సిందే" అంది. పాపమనిపించింది. "అయ్యా, తూకానికి తగ్గట్టే తీసుకుందాం" అన్నాను అళగిరిరాజుగారితో.

ఆయన కస్సుమన్నారు. "ఆ మూటను నువ్వే ఎక్కించు పో తంబీ."

కాటా వేసి, చీటీ కట్టి, లారీ మీదికెక్కి, వానకు తడవని చోట సర్దేసరికి ఒళ్ళంతా చెమట. పెద్ద మూటకైనా ఇదే చాకిరీ అని అప్పుడు తెలిసింది.

"చూస్తివా? రేటు సరిగానే పెట్టినారు. ఆ బాడుగ అక్క ఒగతే మొయ్యాలంటేనే కష్టం" అని ఆమె వైపు తిరిగారు. "అక్కా, ఈసారికి మణుగు బాడుగే కట్టు. వచ్చే వారం మీ తెరువులో ఇంటింటా నేసేవాళ్ళందరి మూటలూ తీసుకురా. ఒగే గోనెలో కుట్టిస్తా. బాడుగ పంచుకోండి."

"కలిసిపోతే ఎవరిది ఏదో ఎట్ల తెలుస్తుంది సామీ?"

"మూటకొగ రంగు నూలు కట్టుకోండి."

ముదలాళికి, అంటే మా యజమానికి, ఇది నచ్చలేదు. "మూటకొగ బాడుగ రావాల్సింది పోగొట్టినావే!" అని విరుచుకుపడ్డాడు. "వాళ్ళు మగ్గం నిలిపితే ఒగటీ రాదు ముదలాళీ. ఒగ వారం చూడండి" అన్నారు ఈయన.

వారం తిరిగింది. లారీ బయల్దేరే వేళైనా వీరమ్మ రాలేదు. టైరులో గాలి తక్కువుందని ఒకసారి, తాడు వదులైందని ఒకసారి డ్రైవరును ఆపేశారాయన. చివరికి ముగ్గురు ఆడవాళ్ళు, ఎర్ర నూలూ పచ్చ నూలూ నీలం నూలూ కట్టిన మూటలు నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చారు. "ఇంత ఆలస్యమా? మీకోసం లారీ నిలుస్తుందా?" అని కసురుతూనే దబ్బనం తీసుకుని గోనె తనే కుట్టారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ప్రాణం.

ఇప్పుడు నాకూ ఒక లారీ ఆఫీసుంది. మినిమం బాడుగ నేనూ వసూలు చేస్తాను. కానీ ఎవరైనా ఆ మాట విని చిన్న మూటతో వెనుదిరిగితే, "ఆగమ్మా, మీ పక్కింటివాళ్ళు ఏమైనా పంపుతారా?" అని అడుగుతాను. అడిగి, లారీకి టైర్లలో గాలి చూడమని డ్రైవరుకు చెబుతాను.